పేరు తెలియని మొక్క: ఆకు పుట్టిన చోటే అసలు ఆధారం

ఉష్ణమండలంలో నేలను ఒక్క వానాకాలం అలా వదిలేస్తే చాలు, ఎవరూ నాటని మొక్కలు ఎన్నో లేచి నిలబడతాయి. వాటిలో చాలావరకు తెలిసినవే. ఒకటో రెండో మాత్రం ముందెప్పుడూ చూసినట్టు అనిపించవు. అలాంటిది కనబడగానే ఎక్కువమంది చేసే పని ఒకటే. ఒక ఆకు తెంపి, ఫోటో తీసి, నలుగురికీ చూపిస్తారు. నలుగురూ నాలుగు పేర్లు చెబుతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు అందిన ఆధారమే బలహీనమైనది. మొక్క మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఆకు ఆకారం. ఆ ఆకు కొమ్మకు ఎక్కడ, ఎలా అంటుకుని ఉంది, తెంపినప్పుడు ఏం కారింది, నలిపితే ఏ వాసన వచ్చింది అనే సంగతులు దానికంటే ఎంతో నమ్మదగినవి. కానీ ఆకును తెంపి చేతికి ఇచ్చేటప్పటికి వీటిలో చాలావరకు కొమ్మ దగ్గరే ఉండిపోతాయి.

ఆకారం ఎందుకు మోసం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువవుతుంది. వానలు ఎక్కువగా పడే వేడి ప్రాంతాల్లో, ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని చెట్లు కూడా ఒకే తీరు ఆకులు వేస్తాయి. కోలగా, దళసరిగా, నున్నటి అంచుతో, చివర నీళ్లు జారిపోయేలా సన్నటి మొనతో ఉంటాయి. చల్లటి ప్రాంతాల చెట్లలో పళ్లలాంటి అంచున్న ఆకులు ఎక్కువ, వేడి ప్రాంతాల్లో నున్నటి అంచున్నవి ఎక్కువ. ఈ తేడా ఎంత నిలకడగా ఉంటుందంటే, ఒకచోట దొరికిన శిలాజ ఆకుల్లో నున్నటి అంచున్న జాతుల వాటా ఎంతో చూసి, లక్షల ఏళ్ల కిందట అక్కడ ఎంత వేడి ఉండేదో శాస్త్రవేత్తలు అంచనా కడతారు. అంటే ఆకు అంచు ముందుగా చెప్పేది ఆ చోటి వాతావరణం గురించి. మొక్క ఏ కుటుంబానిదో తెలియాలంటే వేరే చోట వెతకాలి.

దీనికి తోడు జాతుల సంఖ్య. ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పెట్టిన నాళికా మొక్కలు, అంటే నీళ్లూ ఆహారమూ మోసే నాళాలున్నవి, సుమారు 3,50,000. వాటిలో ఎక్కువ భాగం ఉష్ణమండలానివే. అమెరికా వృక్షశాస్త్రవేత్త అల్విన్ జెంట్రీ 1980లలో పెరూ అమెజాన్ అడవిలో ఒకే ఒక్క హెక్టారులో చెట్లు లెక్కపెడితే దాదాపు 300 జాతులు తేలాయి. అలాంటి అడవిలో ఏ రోజు చూసినా చాలా చెట్లు పూతమీద ఉండవు. పాఠ్యపుస్తకాలేమో పువ్వును బట్టి గుర్తుపట్టమంటాయి. అందుకే ఆయన పువ్వూ కాయా లేకుండానే కుటుంబాన్ని తేల్చే పద్ధతిని ఏళ్ల తరబడి కూర్చారు. ఆకుల అమరిక, పాలు, వాసన, ఆకు మొదట్లో ఉండే చిన్న చిన్న భాగాలు ఆ పద్ధతికి ఆధారం. 1993లో ఈక్వడార్‌లో అడవిని పరిశీలిస్తుండగా విమాన ప్రమాదంలో ఆయన చనిపోయారు. పొలం గట్టున నిలబడి ‘ఇదేం మొక్క’ అని ఆలోచించే మనిషికి ఆయన పద్ధతి ఇప్పటికీ అన్నిటికంటే పనికొచ్చేదనే చెప్పాలి.

ఒకే మొక్క వయసును బట్టి వేర్వేరు ఆకులు వేయడం మరో చిక్కు. కుండీలో పెరిగే మనీప్లాంట్ ఆకు అరచేతికి మించదు. అదే తీగ పెద్ద చెట్టుకు పాకితే, పైకి వెళ్లేకొద్దీ ఆకు మీటరు పొడవుకు దగ్గరపడి, ఈనెల మధ్య చీలికలు పడుతుంది. కుండీలో రోజూ చూసేవాళ్లు కూడా దాన్ని చెట్టు మీద చూసి పోల్చుకోలేరు. లేత పనస మొక్కల్లో చాలాసార్లు ఆకులు చీలి ఉంటాయి, పెద్ద చెట్టులో అవి నున్నటి కోలాకులు. అకేసియా ఆరిక్యులిఫార్మిస్ అనే చెట్టు అయితే మొలకెత్తినప్పుడు తుమ్మలాగా చిన్న చిన్న రేకుల ఆకులు వేస్తుంది. కొన్నాళ్లకు అవి మాయమై, వెడల్పయిన ఆకు కాడే ఆకులాగా పనిచేస్తుంది. కాబట్టి మొలకను పట్టుకుని పెద్ద చెట్టు ఫోటోతో పోల్చి ‘ఇది అది కాదు’ అని తేల్చేయడం తొందరపాటు.

ముందు చేతులు జాగ్రత్త

మొక్కను పరీక్షించాలంటే ముట్టుకోవాలి, తెంపాలి, నలపాలి. పేరు తెలియకుండా అవన్నీ చేయడం కొన్నిసార్లు ప్రమాదం. కరీబియన్ దీవులు, ఫ్లోరిడా, మధ్య అమెరికా తీరాల్లో పెరిగే మాంచినీల్ చెట్టు పాలు ఒంటిమీద పడితే బొబ్బలు లేస్తాయి. వానలో దాని కింద నిలబడినా ఆకుల మీది నుంచి కారిన నీళ్లు చర్మాన్ని కాలుస్తాయి. దాని కాయ చూడ్డానికి చిన్న ఆపిల్‌లా ఉంటుంది, వాసనా బాగుంటుంది. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ అడవుల్లోని జింపీ-జింపీ మొక్క ఆకుల మీద గాజులాంటి సన్నటి నూగు ఉంటుంది. అది గుచ్చుకుంటే మొదలైన నొప్పి వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. దాని విషంలో సాలీడు, శంఖు నత్త విషాలను పోలిన ప్రోటీన్ ముక్కలు ఉన్నాయని 2020లో బయటపడింది. అంత దూరం వెళ్లకపోయినా, దూలగొండి కాయ మీది నూగు, నల్లజీడి రసం, కళ్లలో పడిన జెముడు పాలు ఎంత బాధ పెడతాయో చాలామందికి తెలిసిందే.

అందుకని చేతికి తొడుగు వేసుకోవడం, కళ్లను ముట్టుకోకపోవడం, పిల్లల్ని దూరంగా ఉంచడం తప్పనిసరి. నాలుక మీద పెట్టి చూడటం అనేది ఏ పరిస్థితిలోనూ పరీక్ష కాదు. సెర్బెరా ఓడొల్లం అనే చెట్టు పచ్చికాయ చిన్న మామిడికాయలా ఉంటుంది, కానీ దాని గింజ గుండెను ఆపేయగలదు. పక్షులు తింటున్నాయి కదా, పశువులు మేస్తున్నాయి కదా, మనకేం కాదులే అనే నమ్మకం కూడా పనికిరాదు. మనిషికి విషమైన పండ్లను ఏ ఇబ్బందీ లేకుండా తినే పక్షులు చాలా ఉన్నాయి. తెలియని మొక్కను కొట్టి కాల్చడమూ మంచిది కాదు. మాంచినీల్ పొగ తగిలినా కళ్లు దెబ్బతింటాయి, జీడి కుటుంబం చెట్లలో కొన్నిటి పొగ కూడా అలాంటిదే.

ఆకు ఎక్కడ మొదలవుతుంది

ఇక అసలు పరీక్ష. మొదట తేల్చాల్సింది ఏది ఒక ఆకు అన్నది. వినడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. కానీ తప్పుల్లో పెద్ద భాగం ఇక్కడే మొదలవుతాయి. వేపలో మనం ఒక్కో ఆకు అనుకునేది నిజానికి ఆకులో ఒక రేకు, ఈనె పొడుగునా ఉన్న రేకులన్నీ కలిస్తేనే ఒక ఆకు. ఇది తేల్చడానికి నమ్మకమైన గుర్తు మొగ్గ. ఆకు కాడ కొమ్మను కలిసే సందులో ఎప్పుడూ ఒక మొగ్గ ఉంటుంది. రేకు మొదట్లో అది ఉండదు. మొగ్గ దొరికిన చోట నుంచి పైన ఉన్నదంతా ఒకే ఆకు.

ఈ ఒక్క సూత్రం ఎంత దూరం తీసుకెళ్తుందో నేల ఉసిరిని చూస్తే తెలుస్తుంది. చూపుకు అది చింతాకులాగా, చిన్న చిన్న రేకులున్న సంయుక్త పత్రంలాగా ఉంటుంది. ఆ ‘ఆకు’ను తిప్పి చూస్తే అడుగున వరసగా చిన్న చిన్న కాయలు వేలాడుతుంటాయి. ఆకు రేకు సందులో కాయ పుట్టదు. కాబట్టి అది ఆకు కాదు, సన్నటి కొమ్మ. దాని మీద ఉన్నవన్నీ విడి ఆకులు. దాంతో చిక్కుడు కుటుంబం అన్న ఆలోచన పూర్తిగా పక్కకు పోతుంది, మొక్క ఉసిరి వైపు చేరుతుంది. పెద్ద ఉసిరి చెట్టు కొమ్మల కట్టూ ఇదే. పైపైన చూసినవాళ్లు చింత అంటారు, సందుల్లో చూసినవాళ్లు ఉసిరి అంటారు.

ఆకు ఏదో తేలాక, కొమ్మ మీద అవి ఎలా కూర్చున్నాయో చూడాలి. ఒక్కో కణుపుకు ఒక్కో ఆకు వచ్చి, అటొకటి ఇటొకటిగా లేదా మెలి తిరుగుతూ ఉండటం ఒక తీరు. ఒకే కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉండటం ఇంకో తీరు. మూడు, అంతకంటే ఎక్కువ ఆకులు చుట్టూ గుమిగూడి ఉండటం మూడోది. గన్నేరు, పచ్చగన్నేరు ఆకులు రెండూ సన్నగా పొడుగ్గా ఉంటాయి. గన్నేరులో ఎక్కువగా కణుపుకు మూడేసి ఆకులు చుట్టూ ఉంటాయి, పచ్చగన్నేరులో ఒక్కోటిగా మెలి తిరుగుతూ ఉంటాయి. పువ్వు లేకపోయినా ఈ తేడా పట్టిస్తుంది. రెండూ గుండెకు విషమే, రెంటితోనూ జాగ్రత్త అవసరమే. పూతకు రాని వయ్యారిభామను కాస్మోస్ అనుకుని వదిలేయడం కూడా తరచూ జరుగుతుంది, చీలిన ఆకులు చూసి. కాస్మోస్‌లో ఆకులు ఎదురెదురుగా వస్తాయి. వయ్యారిభామలో ముందు నేలకు పరుచుకున్న ఆకుల గుత్తి, తర్వాత కాండం మీద ఒక్కొక్క ఆకు వస్తాయి. అమరికను ముదిరిన కొమ్మ మీద కాకుండా బలంగా పెరుగుతున్న లేత కొమ్మ మీద చూడటం మేలు. నీడలో వంగిన కొమ్మల్లో ఆకులు వెలుతురు కోసం మెలి తిరిగి, అసలు అమరిక కనబడకుండా పోతుంది.

ఆ తర్వాత చూడాల్సినవి ఆకు కాడ మొదట్లో ఉండే చిన్న పొరలు, పొలుసులు. పాఠ్యపుస్తకాల్లో వీటిని పత్రపుచ్ఛాలు అంటారు. చాలామంది వీటి వైపు చూడనే చూడరు, కానీ ఉష్ణమండలపు చెట్లలో ఇంతకంటే విలువైన ఆధారం తక్కువ. ఎదురెదురు ఆకులుండి, ఆ రెండు కాడల మధ్య కాండం మీద ఒక చిన్న త్రికోణపు పొర అడ్డంగా ఉంటే, అది కాఫీ కుటుంబం అని దాదాపు ధైర్యంగా అనవచ్చు. కాఫీ, నూరువరహాలు, ఈ కుటుంబంలోని వేల జాతులు ఈ గుర్తును మోస్తాయి. మర్రి, రావి, పనసల్లో ఈ పొర చివరి మొగ్గను టోపీలా కప్పి ఉండి, ఆకు విచ్చుకోగానే రాలిపోతుంది. రాలిన చోట కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి గీత మిగులుతుంది. అలాంటి గీతే సంపంగిలోనూ ఉంటుంది. మరి ఆ రెంటినీ విడదీసేది ఏమిటి? పాలు. మర్రి, పనసల కొమ్మ గిల్లితే తెల్లటి పాలు కారతాయి, సంపంగిలో కారవు.

పాలు ఒక్కటే చూస్తే పెద్దగా చెప్పవు, పాలు కారే కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి. అమరికతో కలిపి చూసినప్పుడే దాని బలం తెలుస్తుంది. పాలతో పాటు ఎదురెదురు ఆకులో చుట్టుగుత్తులో ఉంటే జిల్లేడు, గన్నేరు కుటుంబం వైపు చూడాలి. పాలు, ఒక్కొక్కటిగా ఆకులు, కొమ్మ చుట్టూ ఉంగరపు గీత ఉంటే మర్రి కుటుంబం. ఉంగరం లేకుండా, ఆకులు కొమ్మ చివర్ల గుమిగూడి ఉంటే సపోటా, ఇప్ప, పొగడ ఉన్న కుటుంబం కావచ్చు. ఎదురెదురు ఆకులుండి పసుపు పచ్చటి చిక్కటి పాలు వస్తే మాంగోస్టీన్ బంధువులు గుర్తుకు రావాలి. జెముడు, రబ్బరు, కర్రపెండలం ఉన్న పెద్ద కుటుంబంలో కొన్నిటికి పాలు ఉంటాయి, ఆముదంలో మాత్రం నీళ్లలాంటి రసమే. తెల్లగానో రంగు లేకుండానో కారి, గాలి తగిలాక నల్లబడే రసం మాత్రం హెచ్చరిక. జీడి కుటుంబంలో ఒంటిమీద దద్దుర్లు తెప్పించే చెట్లు చాలావాటిలో ఇది కనిపిస్తుంది. పచ్చగన్నేరు, దేవగన్నేరు లాంటివి తమ కుటుంబపు సాధారణ అమరికను పాటించవు, వాటి ఆకులు ఒక్కొక్కటిగానే వస్తాయి. కాబట్టి ఈ జతలన్నీ వెతుకులాట మొదలుపెట్టడానికి మాత్రమే, అక్కడే తీర్పు చెప్పేయడానికి కాదు.

వాసన సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఆకు నలిపితే నిమ్మ వాసన వచ్చి, వెలుతురుకు పట్టి చూస్తే చిన్న చిన్న చుక్కలు మెరిస్తే నిమ్మ, కరివేపాకు, మారేడు ఉన్న కుటుంబం. చుక్కలుండి, ఎదురెదురు ఆకులతో జామలాంటి వాసన వస్తే జామ, నేరేడు కుటుంబం. పలకల కాండం, ఎదురెదురు ఆకులు, ఘాటు వాసన కలిస్తే తులసి కుటుంబాన్ని అనుమానించాలి, అయితే లాంటానాకూ ఇవన్నీ ఉంటాయి. అది వేరే కుటుంబం, కాండం మీద వంపు తిరిగిన చిన్న ముళ్లు దాన్ని పట్టిస్తాయి.

ఇవన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో ఒక ఉదాహరణలో చూస్తే మంచిది. నేలలో ఒక మొక్క ఛాతీ ఎత్తుకు పెరిగింది, ఆకు చేతివేళ్లలా ఐదారు భాగాలుగా చీలి ఉంది అనుకుందాం. ఆకారం చూస్తే అది కర్రపెండలం కావచ్చు, తెల్లబూరుగ కావచ్చు, గోంగూర జాతి నార మొక్క కావచ్చు, గంజాయి కూడా కావచ్చు. ఇప్పుడు వేళ్ల మొదళ్లు చూడాలి. అవి కింద ఒకే రేకుగా కలిసిపోతే ఒక లోతుగా చీలిన ఆకు, కర్రపెండలంలోనూ నార మొక్కలోనూ ఇలాగే ఉంటుంది. ఒక్కో వేలు విడివిడిగా కాడ కొసన అతుక్కుంటే బూరుగో గంజాయో. కాడ తెంపితే తెల్లటి పాలు కారితే కర్రపెండలం. పాలు లేకుండా, కాండం తొక్క పొడుగ్గా నారలా ఊడి వస్తే నార మొక్క. విడి రేకులున్న ఆ రెంటిలో, కింది ఆకులు ఎదురెదురుగా ఉండి, అంచులు రంపంలా ఉండి, నలిపితే ఘాటు వాసన వస్తే గంజాయి. చాలా దేశాల్లో దాన్ని పెంచడం నేరం కాబట్టి వెంటనే తేల్చుకోవాల్సిన సంగతి. ఆకులు ఒక్కొక్కటిగా ఉండి, కాండం మీద మొద్దు ముళ్లు మొదలైతే బూరుగ. నాలుగు పేర్లలో ఒకటి మిగలడానికి పువ్వు అక్కర్లేకపోయింది.

ఆ చోటుకు ఎలా వచ్చింది

మొక్క మీద ఉన్న గుర్తుల తర్వాత, అది మొలిచిన చోటు కూడా సాక్ష్యమే. కంచె వెంట, పెద్ద చెట్టు కింద, తీగల కింద వరసగా మొలిస్తే పక్షులు గింజలు వదిలి ఉంటాయి, అంటే దాని కాయకు కండ ఉంటుంది. కాలువ గట్టున ఒకే ఎత్తులో గీత గీసినట్టు మొలిస్తే వరద నీళ్లు తెచ్చినవి. తిరగేసిన మట్టిలో, బయటి నుంచి తోలిన మట్టిలో, ఎరువు కుప్ప చుట్టూ ఒక్కసారిగా గుంపుగా లేస్తే కలుపు జాతి అనే అనుమానం బలపడుతుంది. ఏ గుంపూ లేకుండా సమాన దూరాల్లో నిలబడి ఉంటే, ఒకప్పుడు ఎవరో నాటిన తోట తాలూకు మొదళ్లు మళ్లీ చిగురించి ఉండవచ్చు. కొత్తగా కొన్న నేలలో ఇది తరచూ జరిగేదే, పక్కవాళ్లను ఒక్క మాట అడిగితే తేలిపోతుంది.

కొన్నిసార్లు కొత్త మొక్క అనుకున్నది కొత్త మొక్కే కాదు. అంటుకట్టిన పండ్ల చెట్టు మొదట్లో, అంటు గీతకు కింద నుంచి చిగుళ్లు వస్తే అవి వేరుమూలం మొక్కవి, అంటే అంటు కట్టడానికి కింద వేళ్ల కోసం వాడిన మొక్కవి. బత్తాయి, నారింజలకు కొన్నిచోట్ల మూడు రేకుల ఆకులుండే జాతిని వేరుమూలంగా వాడతారు. ఆ చిగురును వదిలేస్తే చెట్టు పక్కన ఎవరూ గుర్తుపట్టలేని ముళ్ల మొక్క ఒకటి లేస్తుంది. అలాగే మామిడి కొమ్మ మధ్యలో వేరే తీరు ఆకులతో ఒక గుబురు కనిపిస్తే, అది చెట్టు కొమ్మలో నాటుకుని నీళ్లు పీల్చే బదనిక. రెంటికీ పరీక్ష ఒకటే. ఆకులు చూడకముందు కాండాన్ని కిందిదాకా వెంబడించి, అది మట్టిలోకి వెళ్తోందో ఇంకో మొక్కలోకి వెళ్తోందో చూడాలి.

యాప్ చెప్పిన పేరు

ఫోన్‌లో గుర్తుపట్టే సాధనాలు ఈ పదేళ్లలో చాలా మెరుగయ్యాయి. ఫ్రాన్స్ పరిశోధన సంస్థలు కలిసి తయారుచేసిన ప్లాంట్‌నెట్, 2008లో కాలిఫోర్నియాలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఐనాచురలిస్ట్, గూగుల్ లెన్స్ ఎక్కువమంది వాడేవి. ఇవి చేసే పని, ఇచ్చిన ఫోటోను తమ దగ్గర పేరుతో సహా ఉన్న ఫోటోలతో పోల్చి దగ్గరివాటిని చూపించడం. తోటల్లో పెంచే అందమైన మొక్కల ఫోటోలు, యూరప్, ఉత్తర అమెరికా మొక్కల ఫోటోలు వాటికి విపరీతంగా దొరికాయి. ఉష్ణమండలపు అడవి చెట్లవి చాలా తక్కువ. తమకు తెలియని జాతిని చూపించినా, తెలిసినవాటిలో దగ్గరిది ఏదో ఒకటి పైకి తెస్తాయి. పక్కన కనిపించే శాతం ఆ పోలిక ఎంత దగ్గరో చెబుతుంది, ఆ పేరు నిజమయ్యే అవకాశం అంత అని దాని అర్థం కాదు.

అయినా వాటిని పక్కన పెట్టేయడం సరికాదు. సరిగ్గా వాడుకుంటే పెద్ద సాయం. ఒక్క ఆకు ఫోటో ఇవ్వకుండా మొక్క మొత్తం, కణుపు దగ్గర ఆకుల అమరిక, ఆకు అడుగు, బెరడు, ఉంటే పువ్వు, కోసిన కాయ, ఇన్నీ విడివిడిగా ఇవ్వాలి. పక్కన ఒక స్కేలు పెడితే పరిమాణం తెలుస్తుంది. వచ్చిన జవాబుల్లో మొదటి పేరును పట్టుకోవడం కంటే, మొదటి ఐదారు పేర్లూ ఒకే కుటుంబంలోవేనా అని చూడటం మంచిది. ఐదూ కాఫీ కుటుంబంవే అయితే ఆ కుటుంబం అన్నది నమ్మవచ్చు, చేత్తో చూసిన పొరతో సరిపోల్చుకోవచ్చు. ఐదు పేర్లు ఐదు కుటుంబాలవైతే యంత్రానికి ఏమీ తెలియలేదనే అర్థం. ఐనాచురలిస్ట్‌లో మనుషులు కూడా చూసి చెబుతారు. చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే జాతి పేరు మీద ఏకీభవిస్తే దాన్ని పరిశోధన స్థాయి నమోదుగా చూపిస్తారు. తినడానికో మందుగానో వాడే విషయంలో మాత్రం ఏ యాప్ మాటా చాలదు.

పేరు దొరికాక దాని శాస్త్రీయ నామం రాసి పెట్టుకోవాలి. ఊరి పేరు ఒక్కోచోట ఒక్కో మొక్కకు తగులుకుంటుంది. శాస్త్రీయ నామాలూ మారతాయి. సర్కారు తుమ్మ ఎన్నో ఏళ్లు ప్రోసోపిస్ జూలిఫ్లోరాగా ఉండి, 2022లో నెల్టుమా ప్రజాతిలోకి (దగ్గరి జాతుల గుంపును ప్రజాతి అంటారు) వెళ్లింది. అయితే పాత పేరుతో వెతికినా కొత్త పేరుకు దారి చూపే ఉచిత జాబితాలు ఉన్నాయి. లండన్ క్యూ ఉద్యానవనం నడిపే ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’ వాటిలో ముఖ్యమైనది. ఆ జాతి సహజంగా ఏ దేశాలది, ఎక్కడికి బయటి నుంచి చేరింది అన్న పటం కూడా అందులో ఉంటుంది. యాప్ చెప్పిన జాతి ఖండం అవతల ఒక్క దీవిలో మాత్రమే పెరిగేదైతే, అనుమానించడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

పూత కోసం ఆగడం

కుటుంబం దాకా కాండం, ఆకులు తీసుకెళ్తాయి. జాతి దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు పువ్వు కావాలి. దీనికి మనీప్లాంట్ చరిత్రే మంచి సాక్ష్యం. ఆ తీగకు 1880లో పోథోస్ ఆరియస్ అని పేరు పెట్టారు. అది దాదాపు ఎప్పుడూ పూయదు, పూతకు కావాల్సిన జిబ్బరెల్లిన్ హార్మోన్ తయారుచేసే జన్యువు దానిలో సరిగ్గా పనిచేయదని తర్వాత తేలింది. అందుకని దశాబ్దాల పాటు ఆకులనే చూసి ఒక ప్రజాతి నుంచి ఇంకో ప్రజాతికి మార్చారు. 1962లో ఒక మొక్క పూయడంతో మళ్లీ పేరు మారింది, ఆ పువ్వును ఇంకా లోతుగా చూశాక ఎపిప్రెమ్నమ్ ప్రజాతిలో స్థిరపడింది. ప్రపంచమంతా ఇళ్లలో పెంచే మొక్క విషయంలోనే నిపుణులకు పువ్వు లేక ఇంత కష్టమైతే, పొలంలో మొలిచిన మొలకకు వెంటనే పేరు చెప్పమనడం న్యాయం కాదు.

పూత వచ్చాక రంగుకు మొదటి స్థానం ఇవ్వకూడదు, ఒకే జాతిలో రంగులు మారతాయి. పూరేకులు ఎన్ని, అవి విడిగా ఉన్నాయా గొట్టంలా కలిశాయా, కేసరాలు ఎన్ని, కాయగా మారే భాగం రేకులకు పైన ఉందా కింద ఉందా అని చూడాలి. జామకాయ కొసన కిరీటంలా మిగిలేది పాత పువ్వు రక్షకపత్రాలే. అంటే అక్కడ కాయ భాగం రేకులకు కింద ఉంది. టమాటాలో ఆ పత్రాలు తొడిమ వైపు ఉంటాయి. ఎండిన కాయ, నిరుడు రాలిన గింజ చెట్టు కింద దొరికినా పువ్వుతో సమానంగా పనికొస్తాయి, వాటి కోసం నేల మీద వెతకడం ఎవరికీ తోచదు.

అదే సమయంలో ఒక నమూనా ఎండబెట్టి ఉంచుకోవడం మంచిది. 16వ శతాబ్దంలో ఇటలీకి చెందిన లూకా గీనీ మొక్కల్ని కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి అట్టకు అతికించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పటికీ ఇంతకంటే మంచి పద్ధతి రాలేదు. ఆ తీరులో క్యూ ఉద్యానవనంలో 70 లక్షలకు పైగా నమూనాలు భద్రంగా ఉన్నాయి. ఆకులు, పువ్వులు రెండూ ఉన్న మూర పొడవు కొమ్మను వార్తాపత్రికల మధ్య పరిచి, ఒక ఆకును అడుగు పైకి వచ్చేలా తిప్పి, బరువు పెట్టి, తడి కాగితాలు రోజూ మార్చాలి. ఉష్ణమండలపు తేమలో కాగితాలు మార్చకపోతే రెండు రోజుల్లో బూజు పడుతుంది. చీటీ మీద తేదీ, చోటు, మొక్క ఎత్తు, పువ్వు రంగు, వాసన, పాలు ఉన్నాయా లేదా రాయాలి. ఎండాక రంగూ వాసనా పోతాయి, వాటిని తిరిగి చెప్పేది ఆ చీటీ ఒక్కటే. విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర శాఖలు, ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే హెర్బేరియాలు ఇలాంటి నమూనా చూస్తే ఆసక్తి చూపిస్తాయి. ఒక మసక ఫోటో పంపితే అంత సాయం చేయలేవు. డీఎన్ఏ పరీక్ష కూడా ఉంది. 2009లో మొక్కల కోసం ఆర్‌బీసీఎల్, మాట్‌కే అనే రెండు జన్యువులను ప్రామాణికంగా ఎంచుకున్నారు. ఆ రెండూ కలిపి చూసినా విడదీయగలిగింది సుమారు 70 శాతం జాతులనే. దగ్గరి బంధువుల మధ్య చివరికి మళ్లీ ఎండిన కొమ్మ దగ్గరికే రావాలి.

పూత కోసం ఆగడంలో ఒక చిక్కు ఉంది. అది బయటి నుంచి వచ్చి విపరీతంగా వ్యాపించే దురాక్రమణ జాతి అయితే, పువ్వు తర్వాత గింజలు వేల సంఖ్యలో రాలతాయి. ఒక్క వయ్యారిభామ మొక్క చాలు పొలమంతా నింపడానికి. అలాంటి అనుమానం ఉన్నప్పుడు మొక్కను బతకనిస్తూనే కట్టడి చేయాలి. గుంపు ఉంటే ఒకటి రెండు వదిలి, మిగతావి పూతకు ముందే వేళ్లతో తీసేయాలి. వదిలినవి మొదటి పూలు విచ్చగానే నమూనా తీసుకుని, గింజ పట్టకముందు కోసేయాలి. తీసే పద్ధతి కూడా కుటుంబాన్ని బట్టి మారుతుంది కాబట్టి పూర్తి పేరు తెలియకపోయినా ఇంతవరకు చేసిన పరిశీలన వృథా పోదు. మికానియా మైక్రాంతా లాంటి తీగను ముక్కలు చేసి పారేస్తే, ఒక్కో కణుపు నుంచి వేళ్లు వచ్చి ఒక్కో కొత్త తీగ అవుతుంది. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే మొదలు నుంచి గుబురుగా మళ్లీ లేస్తుంది. పాలు కారేదాన్ని, రసం నల్లబడేదాన్ని తొడుగు లేకుండా పీకకూడదు, కాల్చకూడదు. పీకిన మొక్కల్లో ఒకదాన్ని మాత్రం కాగితాల మధ్య, చీటీతో సహా ఉంచాలి. వచ్చే ఏడాది అదే మొలక మళ్లీ కనబడితే పక్కన పెట్టి పోల్చుకోవడానికి అది చేతిలో ఉంటుంది.